నాలుగు ట్యాంకుల మధ్య కంప్యూటర్ సలహా: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ అడ్డమొస్తుంది

మీ ప్రశ్న సారాంశం ఇదీ. నాలుగు ట్యాంకుల ప్లాటూన్‌లో ఎవరు ఏ శత్రు వాహనాన్ని కాల్చాలి, ఎవరు ముందుకు కదలాలి, ఎవరు కాపు కాయాలి అన్నది లెక్కగట్టి కమాండర్ తెర మీద సలహాగా చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఎం.టెక్ ప్రాజెక్టుగా రాస్తున్నారు. అల్గారిథమ్ బాగానే పనిచేస్తోంది. సైన్యాలు నిజంగా ఇలాంటివి వాడతాయా, వాడకపోతే కారణమేంటి, మీ పనిని వాస్తవానికి దగ్గరగా తేవాలంటే ఏం కలపాలి అని అడిగారు. కవచ వాహనాల సిమ్యులేటర్ల మీద, కమాండర్ల తెరల మీద చాలాకాలం పనిచేసినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

వాడతాయి. కానీ "నువ్వు ఈ లక్ష్యాన్ని కాల్చు" అని చెప్పించుకోవడానికి వాడేది చాలా తక్కువ. "నువ్వు ఇక్కడున్నావు, నీవాళ్లు అక్కడున్నారు, ఈ మిట్ట మీంచి నీకు ఆ లోయ కనపడదు" అని చెప్పించుకోవడానికే ఎక్కువగా వాడతారు. మీరు రాసిన భాగం ఈ రంగంలో తేలికైనది. మీరు 'ఇన్‌పుట్' అని ఒక పెట్టె గీసి వదిలేశారే, అసలు కష్టమంతా అందులో ఉంది.

ముందు అల్గారిథమ్ సంగతి తేల్చేద్దాం. నాలుగు ట్యాంకులు, నాలుగు లక్ష్యాలు. ఒక్కో ట్యాంకు ఏదో ఒక లక్ష్యాన్ని ఎంచుకుంటే మొత్తం 256 రకాల పంపకాలు. ఏ పాత ప్రాసెసర్ అయినా అన్నిటినీ ఒక్కొక్కటిగా లెక్కేసి మంచిదాన్ని ఎంచగలదు. ఆయుధాలను లక్ష్యాలకు పంచే సమస్య ఎన్‌పీ-కంప్లీట్ (అంటే సంఖ్య పెరిగేకొద్దీ కచ్చితమైన జవాబు వెతకడం విపరీతంగా కష్టమయ్యే రకం) అని లాయిడ్, విట్సెన్‌హౌసెన్ 1986లో నిరూపించారు, నిజమే. కానీ ఆ బాధ వందల క్షిపణులు వందల లక్ష్యాల మీదకు వెళ్లే లెక్కల్లో. ప్లాటూన్ స్థాయిలో జెనెటిక్ అల్గారిథమ్ (జవాబులను తరతరాలుగా కలిపి మెరుగుపరిచే పద్ధతి) పెట్టడం నా దృష్టిలో అలంకారమే. దానికోసం మీరు రాసిన రెండు అధ్యాయాలను రెండు పేజీలకు కుదించినా నష్టం లేదు.

అలాగని ఆ పంపకం వల్ల లాభమే లేదనను. ఒక్కో గుండుకు లక్ష్యాన్ని పడగొట్టే అవకాశం 0.7 అనుకోండి. రెండు ట్యాంకులు ఒకే లక్ష్యం మీద కాలిస్తే సగటున పడేది 0.91 లక్ష్యం. చెరొకటి తీసుకుంటే 1.4. ఈ తేడా ఒక్క విడత కాల్పులది. రెండో విడతలో ఎదురు కాల్చేవాళ్లు తగ్గుతారు కాబట్టి అది ఇంకా పెరుగుతుంది. అందరూ ఒకే ట్యాంకును కాల్చి పక్కదాన్ని వదిలేయడం నిజంగా జరిగేదే. అన్నిటికన్నా దగ్గర్లో ఉన్నదీ, అన్నిటికన్నా స్పష్టంగా కనపడేదీ నలుగురు గన్నర్లకూ ఒకటే కదా.

అయితే ఒక విషయం గమనించాలి. ఈ సమస్యకు కంప్యూటర్ లేకుండానే సైన్యాలు ఎప్పుడో జవాబు కనుక్కున్నాయి. దాడికి ముందే నేలను పంచుకుంటారు. ఎదురుగా ఉన్న ఒంటరి చెట్టో, కూలిన గోడో గుర్తుగా పెట్టుకుని, దానికి ఎడమవైపు నీది, కుడివైపు నాది అనుకుంటారు. లక్ష్యాలు అడ్డంగా పరుచుకుని వస్తే ఎవరి ఎదుట ఉన్నదాన్ని వాళ్లు, ఎదుటిది కనపడకుండా ఏదైనా అడ్డుంటే ఐమూలగా పక్కవాడి ముందున్నదాన్ని, బారుగా ఒకదాని వెనక ఒకటి వస్తే ఒకరు ముందునుంచి, ఇంకొకరు వెనకనుంచి మొదలుపెట్టాలి. రేడియోలో రెండే మాటలు. మీ సాఫ్ట్‌వేర్ పోటీపడాల్సింది ఈ కసరత్తుతో. మీ నివేదికలో మాత్రం యాదృచ్ఛికంగా లక్ష్యాలను ఎంచుకునే ట్యాంకులతో పోల్చి, మీది ఎంతో మెరుగని తేల్చారు. అలా ఎవరూ యుద్ధం చేయరు. బాగా కసరత్తు చేసిన ప్లాటూన్‌ను ఆధారంగా పెట్టి మళ్లీ పోల్చండి. మీ లాభం చాలావరకు కరిగిపోతుంది. మిగిలింది ఎంతైనా అదే నిజమైన లాభం.

సమన్వయానికి మొదటి యంత్రం రేడియో. 1940లో ఫ్రాన్స్‌లో జరిగిందే దీనికి మంచి ఉదాహరణ. ఫ్రెంచ్ సోమువా ఎస్35, షార్ బీ1 ట్యాంకుల కవచం చాలా జర్మన్ ట్యాంకులకన్నా మందం. కానీ వాటి టరెట్‌లో, అంటే పైన తిరిగే ఫిరంగి గదిలో, ఉండేది ఒక్కడే. అతనే కమాండర్, అతనే గురి చూడాలి, అతనే గుండు నింపాలి. పైగా చాలా ఫ్రెంచ్ ట్యాంకుల్లో రేడియో లేదు. జర్మన్ పాంజర్ 3 టరెట్‌లో ముగ్గురుండేవారు. గురి ఒకరిది, గుండు ఒకరిది, కాబట్టి కమాండర్‌కు చుట్టూ చూడ్డానికీ మాట్లాడ్డానికీ తీరిక దొరికేది. తొలినాళ్ల సోవియట్ టీ-34ల్లోనూ చాలావాటికి రేడియో లేక జెండాలతో సైగలు చేసుకునేవాళ్లు. ఆలోచించడానికి కమాండర్‌కు ఎంత తీరిక మిగిలింది అన్న ప్రశ్న అప్పటికీ ఇప్పటికీ ఒకటే. మీరు ఇవ్వబోయే తెర ఆ తీరికను పెంచుతుందా, తినేస్తుందా అన్నదాన్ని బట్టే దాని విలువ.

అమెరికా సైన్యం దీన్ని డిజిటల్ చేయడానికి గట్టిగా పూనుకున్నది 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత. ఆ యుద్ధంలో పోరులో చనిపోయిన 148 మంది అమెరికన్లలో 35 మంది సొంతవాళ్ల కాల్పుల్లోనే పోయారు. దాదాపు నాలుగో వంతు. చూపు ఆనని ఎడారి గాలుల్లో, రాత్రి థర్మల్ కెమెరాలో రెండు వేల మీటర్ల దూరాన వేడి మచ్చలా కనిపించేది ఎవరి వాహనమో చెప్పడం కష్టం. అంతకుముందే రూపుదిద్దుకుంటున్న ఎం1ఏ2 ట్యాంకులో ఐవిస్ అనే వ్యవస్థ పెట్టారు. ట్యాంకు తన స్థానాన్ని తానే లెక్కగట్టుకుని మిగతా ట్యాంకులకు పంపుతుంది, కమాండర్ తెర మీద అందరూ బొమ్మలుగా కనపడతారు. 1994 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ఎడారిలోని ఫోర్ట్ ఇర్విన్‌లో డిజిటల్ పరికరాలున్న ఒక బెటాలియన్‌ను శిక్షణ శత్రుదళంతో తలపడనిచ్చారు. మామూలు బెటాలియన్లకన్నా స్పష్టంగా మెరుగైన ఫలితమేమీ రాలేదు. 1997లో అక్కడే బ్రిగేడ్ స్థాయిలో మళ్లీ చేశారు, అప్పుడూ లెక్కలు తేల్చిచెప్పేంత తేడా చూపలేదు. పరికరాలు పచ్చివి, నెట్‌వర్క్ సన్నం, జనానికి అలవాటు లేదు. అయినా వదిలేయలేదు, అది మంచిదే అయింది. 2003లో ఇరాక్‌లోకి వెళ్లేసరికి సొంత వాహనాలు ఎక్కడున్నాయో ఉపగ్రహం ద్వారా తెర మీద చూపే బ్లూ ఫోర్స్ ట్రాకర్ ఎన్నో వాహనాల్లో ఉంది. దారి తప్పకుండా, ఒకరినొకరు వెతుక్కోకుండా వందల కిలోమీటర్లు నడవడానికి అది బాగా ఉపయోగపడింది.

అదే యుద్ధంలో దాని హద్దు కూడా బయటపడింది. ఏప్రిల్ మొదటివారంలో బాగ్దాద్‌కు నైరుతిగా యూఫ్రటీస్ మీద ఒక వంతెనను అమెరికన్ ట్యాంకు బెటాలియన్ పట్టుకుంది. ఆ రాత్రి ఒక ఇరాకీ బ్రిగేడ్ వస్తోందని వాళ్లకు కబురు. వచ్చినవి మూడు బ్రిగేడ్లని ఆ బెటాలియన్ కమాండర్ తర్వాత చెప్పాడు. తెర మీద సొంతవాళ్లను చూపే నీలం బొమ్మలన్నీ సరిగ్గా ఉన్నాయి, శత్రువును చూపే ఎరుపు బొమ్మలు లేవు. మనవాళ్లు తమ స్థానాన్ని తామే పంపిస్తారు, శత్రువు పంపించడు కదా. మీ అల్గారిథమ్‌కు కావలసింది సరిగ్గా ఆ ఎరుపు బొమ్మలే.

ఇక ఆ ఎరుపు బొమ్మలు ఎలా పుడతాయో చూద్దాం. మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కమాండర్ లేజర్‌తో దూరం కొలుస్తాడు. ఆ దూరం కొద్ది మీటర్ల తేడాలోనే ఉంటుంది, దాని గురించి దిగులు లేదు. టరెట్ ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా కావాలి. ఉక్కు డబ్బా లోపల అయస్కాంత దిక్సూచిని నమ్మలేం, కాబట్టి మలుపులను కొలిచే గైరో అనే పరికరం మీద ఆధారపడాలి. గైరో చూపే దిక్కు కాలం గడిచేకొద్దీ కొద్దికొద్దిగా తప్పుతూ ఉంటుంది. ఒక్క డిగ్రీ తప్పుంటే 2,000 మీటర్ల దగ్గర లక్ష్యం 35 మీటర్లు పక్కకు జరిగిపోతుంది. మీ ట్యాంకుకు ఎడమవైపు ఒక డిగ్రీ, పక్క ట్యాంకుకు కుడివైపు ఒక డిగ్రీ తప్పు అనుకోండి. ఇద్దరూ ఒకే శత్రు ట్యాంకును చూసి పంపితే తెర మీద సుమారు 70 మీటర్ల ఎడంలో రెండు ట్యాంకులు కనపడతాయి. దాడికి వచ్చే వాహనాలు నిజంగా అంత ఎడంలోనే ఉండొచ్చు. మరి ఇవి రెండా, ఒకటా?

రెండు అనుకుంటే మీ సాఫ్ట్‌వేర్ లేని లక్ష్యానికి ఒక ట్యాంకును కేటాయిస్తుంది. ఒకటే అనుకుని కలిపేస్తే, నిజంగా ఉన్న ఒక శత్రువు తెర మీంచి మాయమవుతాడు. రెండోది చాలా ప్రమాదం. ఖాళీ చోటుకు గురిపెట్టిన గన్నర్ అక్కడేమీ లేదని వెంటనే చెప్పేస్తాడు. మాయమైన శత్రువు గురించి చెప్పేవాళ్లుండరు. అందుకే కలపాలా వద్దా అని అనుమానం ఉన్నప్పుడు కలపకపోవడమే మేలని నా అభిప్రాయం. తెర కాస్త చిందరవందరగా ఉన్నా ఫర్వాలేదు. ప్రతి నివేదికనూ ఒక చుక్కగా కాకుండా అది ఉండగల ప్రాంతంగా, అంటే ఒక దీర్ఘవృత్తంగా దాచుకోండి, దాంతోపాటు సమయం, ఎవరు చూశారు అన్నదీ. రెండు ట్యాంకులు ఒకే సొంత వాహనాన్ని చూసిన సందర్భం దొరికితే దాని అసలు స్థానం మీకు తెలుసు కాబట్టి ఎవరి దిక్కు ఎంత తప్పిందో సరిదిద్దుకోవచ్చు. ఈ చిన్న కిటుకు మీ ఆప్టిమైజర్‌కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పరిశోధకులు దీన్ని డేటా అసోసియేషన్ అంటారు, 1979లో రీడ్ ప్రతిపాదించిన మల్టిపుల్ హైపాథిసిస్ ట్రాకింగ్ (ఒకటా రెండా అన్న ఊహలన్నిటినీ కొంతకాలం పక్కపక్కనే నిలిపి ఉంచే పద్ధతి) నుంచి చదవడం మొదలుపెట్టండి.

ఆలస్యం ఇంకో తలనొప్పి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే ట్యాంకు నిమిషంలో సుమారు 667 మీటర్లు దాటుతుంది. తొలితరం ఉపగ్రహ ట్రాకర్లలో స్థానం మారినట్టు తెలియడానికి నిమిషాలు పట్టేది. వాహనాల రేడియోల్లో డేటాకు దొరికే దారి ఇరుకు, దాన్నే అందరూ పంచుకోవాలి, మాటలకు కూడా అదే దారి. మరోవైపు ఆధునిక కవచభేదక గుండు సెకనుకు 1,600 మీటర్లకు పైగా వేగంతో పోతుంది, 2,000 మీటర్లు దాటడానికి సెకనుంపావు చాలు. మంచి గన్నర్ లక్ష్యం కనపడ్డ కొద్ది సెకన్లలోనే కాల్చేస్తాడు. మీ సలహా ఐదో సెకనులో వస్తే అది జరిగిపోయిన కథకు వ్యాఖ్యానం. నివేదికలు వెళ్లి, కలిసి, లెక్క జరిగి, జవాబు తిరిగి వచ్చేవరకు మొత్తం ఆలస్యాన్ని మీ సిమ్యులేషన్‌లో ఒక మీటగా పెట్టి అటూఇటూ తిప్పి చూడండి. ఎన్ని సెకన్ల దగ్గర మీ పద్ధతి పాత కసరత్తు కన్నా వెనకబడుతుందో చూపించే గ్రాఫ్ మీ థీసిస్‌లో అన్నిటికన్నా విలువైన బొమ్మ అవుతుంది.

ఇప్పుడు తెర ముందున్న మనిషి. ప్లాటూన్ లీడర్ అంటే ఖాళీగా కూర్చుని నలుగురిని నడిపేవాడు కాదు. తన ట్యాంకుకు అతనే కమాండర్. తన గన్నర్‌కు లక్ష్యం చూపాలి, డ్రైవర్‌కు దారి చెప్పాలి, ఒక చెవిలో పై దళమైన కంపెనీ రేడియో, ఇంకో చెవిలో ప్లాటూన్ రేడియో. బండి ఊగిపోతుంటుంది. చాలామంది హ్యాచ్ తెరుచుకుని తల బయటపెట్టే చూస్తారు, ఎందుకంటే సొంత కంటికి మించిన సెన్సర్ ఇంకా రాలేదు. అతను తెర చూడాలంటే తల దించాలి. దించిన ప్రతి సెకనూ బయటి చూపు పోయినట్టే. పట్టిక ఆకారంలో మీరు గీసిన ఆ ఇంటర్‌ఫేస్ ఆఫీసు టేబుల్ మీద చదువుకోవడానికి బాగుంది. కదిలే ట్యాంకులో పనికిరాదు.

అనుభవమున్న కమాండర్ ఆలోచించే తీరు కూడా మీ సాఫ్ట్‌వేర్ అనుకున్నట్టు ఉండదు. గ్యారీ క్లైన్ 1980లలో అగ్నిమాపక దళ అధికారుల మీద చేసిన అధ్యయనాల్లో తేలింది ఇదే: వాళ్లు నాలుగు మార్గాలు పక్కపక్కన పెట్టి మార్కులేసుకోరు. పరిస్థితిని చూడగానే ఇది ఫలానా రకం అని పోల్చుకుంటారు, తట్టిన మొదటి ఉపాయాన్ని మనసులో ఒకసారి నడిపించి చూస్తారు, కుదిరితే చేసేస్తారు. ట్యాంకు కమాండర్లతో మాట్లాడితే ఇదే వినిపిస్తుంది. అలాంటివాడికి "మార్గం 1: 83 శాతం, మార్గం 2: 79 శాతం" అని చూపిస్తే చిరాకు తప్ప ఒరిగేదేమీ లేదు. అతను పోల్చుకున్నది తప్పయ్యే సూచన కనపడినప్పుడు మాత్రం తట్టి చెప్పే యంత్రం కావాలి. ఎడమ దిక్కును ఎవరూ చూడట్లేదు. రెండో ట్యాంకు మిట్ట వెనక్కి దిగింది కాబట్టి ఇప్పుడు కాపు లేదు. నీ తుపాకి గొట్టం తిరిగిన దిక్కులో మనవాళ్ల బండి ఉంది. ఇవి మూడూ వాహనాల సొంత స్థానాల నుంచి, టరెట్ దిక్కు నుంచి, నేల ఎత్తుల పటం నుంచి తేలేవే. వీటికి ఎరుపు బొమ్మలు అక్కర్లేదు. అందుకే ఇవి నిజంగా పనిచేస్తాయి.

కంప్యూటర్‌ను మరీ నమ్మడం అన్న రెండో వైపు కూడా ఉంది. 2003 మార్చి 23న అమెరికన్ పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ తిరిగొస్తున్న బ్రిటిష్ టొర్నాడో విమానాన్ని రాడార్‌ను వేటాడే శత్రు క్షిపణిగా వర్గీకరించింది. సిబ్బందికి ఉన్నది కొద్ది సెకన్లు, వాళ్లు యంత్రం చెప్పింది ఒప్పుకున్నారు, విమానంలోని ఇద్దరూ చనిపోయారు. అది గగనతల రక్షణ, మనది నేల. అయినా లోపలి మెలిక ఒకటే: సమయం తక్కువైనకొద్దీ 'సలహా' అన్న మాటకు అర్థం పోతుంది, అది ఆజ్ఞ అయిపోతుంది. పరశురామన్, షెరిడన్, వికెన్స్ 2000లో రాసిన పత్రంలో యంత్రం చేసే పనిని నాలుగు దశలుగా విడగొట్టారు: సమాచారం సేకరించడం, విశ్లేషించడం, నిర్ణయం ఎంచడం, అమలు చేయడం. ఇలాంటి ప్రమాదకరమైన పనిలో మొదటి రెండిటిని ఎంతైనా యంత్రానికి వదలొచ్చు, మూడోదానికి వచ్చేసరికి చెయ్యి బిగించాలి. అమెరికా రక్షణశాఖ ఆదేశం 3000.09 కూడా, 2012లో వచ్చి 2023లో సవరించినది, బలప్రయోగం మీద తగినంత మానవ విచక్షణ ఉండాలనే అంటుంది. "తగినంత" అంటే ఎంత అన్నది వాళ్లే చూసుకుంటారు.

ఈనాడు వాడకంలో ఉన్నవాటిలో నాకు నచ్చేవి చిన్న పని ఒకటి తీసుకుని దాన్నే గట్టిగా చేసేవి. ఇజ్రాయెల్ మెర్కవా ట్యాంకుల మీది ట్రోఫీ చూడండి. 2011 మార్చిలో మొదటిసారి నిజమైన దాడిని అడ్డుకుంది. వచ్చే రాకెట్‌ను గాలిలోనే కొట్టేయడం దాని పని. అయితే దాని రాడార్ ఆ రాకెట్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా లెక్కగడుతుంది. ఆ చోటు సిబ్బందికి తెలుస్తుంది, మిగతా ట్యాంకులకూ పంపొచ్చు. కాల్చినవాడు ఎరుపు బొమ్మను తానే పెట్టినట్టయింది. ఫ్రాన్స్ స్కార్పియన్ కార్యక్రమంలో గ్రిఫాన్, జాగ్వార్ వాహనాలను సిక్స్ అనే ఒకే సమాచార వ్యవస్థతో కలిపారు. ఒక వాహనం సెన్సర్ పసిగట్టిన ముప్పు పక్క వాహనానికి చేరాలన్నది అక్కడి ఆలోచన. ఉక్రెయిన్‌లో ట్యాబ్లెట్ మీద నడిచే క్రోపివా లాంటి పటాల సాఫ్ట్‌వేర్ ఖరీదైన వ్యవస్థలకు దీటుగా నిలిచింది. అక్కడి యుద్ధం జీపీఎస్, రేడియో జామింగ్ రోజువారీ సంగతని కూడా చూపించింది. కాబట్టి లింకు తెగిపోతే ఏం చేయాలన్నది మీ డిజైన్‌లో అనుబంధంగా కాదు, మొదటి పేజీలోనే ఉండాలి. తెగగానే పాత బొమ్మలను తాజావిగా చూపిస్తూ కూర్చునే తెర, తెర లేకపోవడం కన్నా చెడ్డది. ప్రతి బొమ్మ వయసును బట్టి మసకబారాలి, దాని చుట్టూ గీత పెద్దదవుతూ పోవాలి.

మీ ప్రాజెక్టును ఇలా మలచమంటాను. కాల్పుల పంపకాన్ని పక్కన పెట్టేయమనను, కానీ బరువును యుద్ధానికి ముందున్న గంటల మీదకు జరపండి. ప్లాటూన్ లీడర్‌కు తీరిక ఉండేది అప్పుడే, కంప్యూటర్‌కు ఓపిక ఎక్కువ కాబట్టి అదీ అప్పుడే రాణిస్తుంది. ఏ మిట్ట వెనక ఆగితే ట్యాంకు ఒడలంతా దాగి టరెట్ మాత్రమే పైకి ఉంటుంది, అక్కడినుంచి ఎంత నేల కనపడుతుంది, ఒక జత కదులుతుంటే ఇంకో జత కాపు కాయడానికి ఏ చోట్లు కుదురుతాయి, వాటి మధ్య దారిలో ఎన్ని మీటర్లు ఎవరి కాపూ లేకుండా పోవాలి, ఎవరి వంతు నేల ఏది. వీటికి దృష్టిరేఖ లెక్కలు, వాలూ మట్టీ చూసుకుని దారి వెతకడం చాలు. దారికి 1968 నాటి ఏ-స్టార్ అల్గారిథమ్ సరిపోతుంది. ఆ ఫలితం మీ నేల పంపకం అవుతుంది, యుద్ధంలో రేడియోలో రెండు మాటలతో అది అమలవుతుంది. యుద్ధం మొదలయ్యాక ఇందాక చెప్పిన మూడు హెచ్చరికలు మాత్రమే ఉంచండి, అవి కూడా హెడ్‌సెట్‌లో చిన్న మాటగా వినపడేలా.

నేల ఎత్తులకు మీరు వాడుతున్న ఎస్ఆర్‌టీఎం డేటా గురించి ఒక మాట. 2000లో స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచినది, ఉచితం, ప్రాజెక్టుకు సరిపోతుంది. కానీ దాని గడి సుమారు 30 మీటర్లు, ఎత్తులో దానికి నిర్దేశించిన కచ్చితత్వం 16 మీటర్లు. ట్యాంకు ఎత్తు రెండున్నర మీటర్లు. అడవి ఉన్నచోట ఆ రాడార్ కొలిచింది నేలను కాదు, చాలావరకు చెట్ల పైభాగాన్ని. "ఈ చోటు దాగడానికి పనికొస్తుంది" అని తెర గట్టిగా చెప్పేముందు ఎత్తులను ఆ తప్పు మేరకు అటూఇటూ కదిపి లెక్కను వందసార్లు తిప్పండి. తొంభైసార్లు నిలిచిన చోటునే పటం మీద గాఢంగా రంగేయండి, మిగతావి లేతగా వదిలేయండి, వాటిని డ్రైవర్ వెళ్లి కళ్లతో చూసుకుంటాడు.